మూత లేని ఇల్లు

పొదిగే కోడిపెట్ట జోలికి ఎవరూ పోరు. మేత వేసినా దూరంగా వేసి వెనక్కి జరుగుతారు. అలాంటిది, సూరమ్మ గుడ్ల మీద కూర్చున్న రోజుల్లోనే ఆ దొడ్డిలోకి పాము వచ్చింది. పోనీ అదేమైనా దారితప్పి వచ్చిందా అంటే అదీ కాదు. ఎర్రెద్దు గవరయ్య పనిగట్టుకుని మరీ తెచ్చాడు.

ముందు ఆ దొడ్డి సంగతి చెప్పాలి. ఊరికి దూరంగా, జీడితోటకీ వరిమళ్లకీ మధ్య ఉంటుంది. ఒక తాటాకుల పాక, పక్కన గడ్డివామి, చుట్టూ నిలువెత్తు తుమ్మకంప కంచె. మనుషులు పొద్దున్నే వచ్చి సందె పడేలోగా ఊళ్లోకి పోతారు. వాళ్లు పోయాక అక్కడున్న పశువులకీ కోళ్లకీ ఆ కంచే దిక్కు. కంచె అవతల కొండ ఉంది, కొండ మీద నక్కలున్నాయి. కిందటి వానాకాలం సూరమ్మ పిల్లలు గింజల కోసం కంచె కిందనుంచి బయటికి దూరి, ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆ తర్వాత మళ్లీ గుడ్లు పెట్టి కూర్చున్నది ఇప్పుడే. అందుకే పాక మూలన పగిలిన కుడితి తొట్టిలో గడ్డి పరుచుకుని, ఆకు కదిలినా మెడ ఎత్తి చూస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రం గవరయ్య కాలవగట్టు మేత నుంచి వస్తూ, నోట తాడు కరుచుకుని, ఆ తాడుకి వేలాడుతున్న వెదురుబుట్టని తెచ్చి దొడ్డి మధ్యలో దించాడు. బుట్టకి మూత ఉంది. సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏటి బావా అది?" అంది మేక పైడమ్మ. ఏది చూసినా ముందు తినేదేమో అనుకోవడం ఆవిడకి అలవాటు.

"పాములోడి బుట్ట. వాణ్ని ఎవరో తరుముతుంటే, దీన్ని కాలవలోకి విసిరేసి పారిపోయాడు. మునిగిపోతోంది. లోపల్నించి ఎవరో ఏడుస్తున్నారు. చూస్తూ చూస్తూ వదిలేసి రాలేకపోయాను."

"ఎవరో అంటే ఎవరు?" అంది సూరమ్మ తొట్టిలోంచి. అడిగిందే గానీ, పాములోడి బుట్టలో ఎవరుంటారో ఆమెకి తెలీదా?

పుంజు దండాసి సూరమ్మ మొగుడు. కంచె లోపల ఉన్నంతసేపూ మహా ధైర్యవంతుడు. "ఎవరైతే ఏటి? నేను చూస్తాను, ఉండండి," అని రొమ్ము విరుచుకుని వెళ్లి ముక్కుతో మూత ఎగదోశాడు.

అంతే. బుట్టలోంచి నల్లగా, నిటారుగా, పడగ విప్పుకుని త్రాచుపాము లేచింది. లేచి అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. దండాసి ఎప్పుడు ఎగిరాడో, గడ్డివామి మీదికి ఎలా చేరాడో ఎవరూ చూడలేదు. పైడమ్మ గుంజ చుట్టూ తిరిగి తాడు మెడకి బిగించుకుంది. గవరయ్య నాలుగడుగులు వెనక్కి వేశాడు. సూరమ్మ మాత్రం ఎక్కడికీ పోలేదు. పోవాలనుకున్నా కాళ్లు ఆడలేదు, కింద గుడ్లున్నాయి. రెక్కలు పరిచి అలాగే అంటుకుపోయింది.

పాము కాసేపు ఊగి, ఎవరూ ఏమీ చేయకపోయేసరికి తల వంచి లోపలికి జారింది. గవరయ్య కొమ్ముతో మూత పడేశాడు.

"తీసుకెళ్లి మళ్లీ కాలవలో పడెయ్ బావా, నీకు దండం పెడతాను," అంది సూరమ్మ.

"ప్రాణమమ్మా. తెచ్చిన నోటితోనే ఎలా పడెయ్యను?" అన్నాడు గవరయ్య.

అప్పుడే కంచె అవతల దగ్గు వినిపించింది. "భయపడకండి, నేనే. గుంపస్వామిని."

గుంపస్వామి అంటే కొండ నక్క. దండాసి వామి మీదనుంచే మెడ ఈకలు నిక్కబొడుచుకున్నాడు. "ఇక్కడ నీకేం పని? పోయిన ఏడాది మా పిల్లల్ని తిన్నది చాలలేదా?"

"అది మా పెదనాన్న కొడుకు చేసిన పని. వాడితో మాకు మాటల్లేవు," అన్నాడు గుంపస్వామి ఏమాత్రం తడుముకోకుండా. "దారిన పోతూ అరుపులు విని ఆగాను. నేను సంతల వెంట తిరిగేవాణ్ని. పాముల గురించి నాకు తెలిసినంత ఆ పాములోడికే తెలీదు. మీకు సాయం వద్దంటే పోతాను."

"ఆగు ఆగు," అంది పైడమ్మ. భయపడ్డవాళ్లకి తెలిసినవాడు కావాలి. ఎవడైనా సరే.

"పాముని తెచ్చుకుంటే సరిపోదు. దానికి సరైన ఇల్లు కట్టాలి," అన్నాడు గుంపస్వామి. "ఇల్లు లేని పాము ఎవరి గూట్లో పడుకుంటుందో చెప్పలేం. వెచ్చగా ఉండే గూళ్లంటే దానికి మరీ ఇష్టం." అంటూ కంప సందులోంచి తొట్టి వైపు చూశాడు. సూరమ్మ గుడ్లని పొట్ట కిందకి లాక్కుంది.

"ఎలాంటి ఇల్లు?" అని అడిగింది.

"మూత గట్టిగా వెయ్యాలి. మూత మీద బరువైన రాయి. చుట్టూ ముళ్లకంప, మీ గవరయ్య రొమ్ము ఎత్తున."

"అంత కంప ఎక్కణ్నించి తెస్తాం?" అన్నాడు గవరయ్య.

"అదే నేనూ ఆలోచిస్తున్నాను." గుంపస్వామి నిజంగానే ఆలోచిస్తున్నట్టు ముఖం పెట్టాడు. "ఇదిగో, నా ముక్కు ముందే ఉందిగా. కంచె ఈ మూల కాస్త పీకండి. బుట్టని ఇక్కడే పెట్టి చుట్టూ వేసేయండి. మోసే శ్రమ కూడా ఉండదు."

"కంచెకి బొక్క పడదేటి?" అంది పైడమ్మ.

"పామున్న చోటికి ఏ మొనగాడొస్తాడమ్మా? ముళ్ల కాపలా కన్నా పాము కాపలా నయం. నేనైతే చచ్చినా ఇటు తొంగిచూడను."

అది అందరికీ నచ్చింది. భయంలో ఉన్నప్పుడు మనకి నచ్చే మాట ఎక్కడుందో అక్కడే చెవి ఆగిపోతుంది మరి. గవరయ్య కంప పీకి ఈడ్చాడు. పైడమ్మ కొమ్ములతో తోసింది. దండాసి వామి మీదనుంచి, అటు కాదు ఇటు కాదు అని పురమాయించాడు. పొద్దు వాలేసరికి కంచె మూలన బుట్ట, బుట్ట మీద రాయి, చుట్టూ ముళ్ల దడి. పాము వేలెడు సందుంటే జారిపోయే ప్రాణి అనీ, ముళ్లు మిగతావాళ్లని ఆపుతాయి గానీ దాన్ని ఆపవనీ ఒక్కరికీ తోచలేదు.

మర్నాటి నుంచి దొడ్డిలో నిద్ర కరువైంది. "అది లోపలుందో లేదో చూసుకోవద్దేటి?" అంటాడు దండాసి పొద్దున్నే. గవరయ్య దడి మీదుగా మెడ చాపి, రాయి దొర్లించి మూత ఎత్తుతాడు. పాము ఠక్కున లేస్తుంది, పడగ విప్పుతుంది, ఊగుతుంది. అందరూ తలో దిక్కూ పరుగు. "చూశారా, రోజురోజుకీ కోపం పెరుగుతోంది," అంటుంది పైడమ్మ. సాయంత్రం కంచె అవతల గుంపస్వామి నిట్టూరుస్తాడు. "ఇంకాస్త కంప వేస్తే మంచిదేమో. నా మాట కాదు, మీ ఇష్టం." ఇంకాస్త కంప కంచెలోంచి పీకుతారు.

సూరమ్మ రోజుకోసారి గుడ్ల మీదనుంచి దిగేది. పరుగున పోయి నాలుగు గింజలు ఏరుకుని, రెండు గుక్కలు నీళ్లు తాగి, గుడ్లు చల్లారేలోగా వచ్చి కూర్చునేది. నీళ్ల మూకుడు పాము దడి పక్కనే ఉంది. ఆ రెండు గుక్కలూ ఆమె గొంతు దిగేవి కావు. ఒకరోజు ఆమె అలా తాగుతుంటే బుట్టలోంచి గొంతు వినిపించింది.

"ఎవరమ్మా? ఆట వేళయిందా?"

సూరమ్మ తాగిన నీళ్లు ముక్కులోకి పోయాయి. పరుగెత్తబోయింది. కానీ ఆ గొంతులో కోపం లేదు. వణుకుంది. వణికే గొంతు ఎలా ఉంటుందో ఆమె కన్నా బాగా ఎవరికి తెలుసు?

"ఆటేటి?" అంది, దూరం నుంచే.

"మూత తీస్తే ఆడాలి కదమ్మా. తీసిన మరుక్షణం లేవాలి, పడగ విప్పాలి, ఊగాలి. ఆలస్యమైతే మా ఆసామి పుల్లతో పొడిచేవాడు. మీరు రోజూ తీస్తున్నారు, నేనూ రోజూ ఆడుతున్నాను. ఎవరూ చప్పట్లు కొట్టరు, అరుస్తారు. ఏం తప్పు చేస్తున్నానో నాకు తెలియడం లేదు."

సూరమ్మ రెండడుగులు దగ్గరికి వేసింది. ఇన్నాళ్లూ కోపం అనుకున్నది ఇదా?

"నీ పేరేటి?" అంది.

"మా ఆసామి బుల్లోడా అనేవాడు."

"ఎప్పుడూ మూత వేసుకునే ఉంటావా?"

"మూత వేసుంటేనే బాగుంటుందమ్మా. తీస్తే కదా కష్టం. ఇక్కడ తడిగా ఉంది, అదొక్కటే. ఒళ్లు బిగుసుకుపోతోంది. కాస్త వెచ్చగా, చీకటిగా, ఎవరూ నెత్తిమీద తెరవకుండా ఉండే చోటుంటే అలా పడుకుందును."

సూరమ్మ తిరిగొచ్చి గుడ్ల మీద కూర్చుంది. వెచ్చగా, చీకటిగా, ఎవరూ కదపకుండా. తను వెతుక్కున్నదీ అదే కదా? ఈ తొట్టి దొరికేవరకు ఎన్ని మూలలు చూసింది? గవరయ్య రాగానే పిలిచింది.

"బావా, పొదిగే పెట్టకి ఎలాంటి చోటు కావాలో ఆ పాముకీ అలాంటిదే కావాలి. ఆ బుట్ట తీసెయ్యండి. వామి వెనకాల పక్క పగిలిన పాత బాన ఉంది చూడు, దాన్ని బోర్లించండి. లోపల ఊక, ఎండుగడ్డి. పగులు ఎండవైపు ఉండాలి, అదే గుమ్మం. పక్కన పల్లెంలో నీళ్లు."

"గుమ్మమా? పాముకి గుమ్మమా?" దండాసికి వామి మీదే కళ్లు తిరిగాయి. "నీకేమైనా మతి పోయిందేటే?"

"పైన మూతుంటే నువ్వు రోజూ తీయిస్తావు. తీస్తే అది లేస్తుంది. మూతే లేకపోతే ఎవరు తీస్తారు?"

గవరయ్య చాలాసేపు నెమరు వేశాడు. "గుడ్ల మీదున్న తల్లే గుమ్మం పెట్టమంటుంటే నాదేముంది," అని బాన దొర్లించాడు. దడి మాత్రం ఉంచుదాం అన్నారు మిగతావాళ్లు. సరేనంది.

బుల్లోడు బానలోకి పాకిన రోజు నుంచి మళ్లీ పడగ విప్పలేదు. పొద్దుటి ఎండకి గుమ్మంలో తల పెట్టుకుని పడుకునేవాడు. వామి కింద ఎలుకలు తగ్గాయి. అరుపులూ తగ్గాయి. సూరమ్మ నీళ్ల మూకుడు దగ్గర ఇంకో గుక్క ఎక్కువ తాగే ధైర్యం తెచ్చుకుంది.

సరిగ్గా అప్పుడు బుల్లోడు ఆమెకి రహస్యం చెప్పాడు.

"అమ్మా, నీకొక్కదానికే చెబుతున్నాను. మా ఆసామి నా కోరలు పీకేశాడు."

సూరమ్మకి ఒక్కసారిగా ఊపిరి ఆడింది. ఇన్నాళ్లూ కోరలు లేని పాముకా ఇంత భయపడింది?

"ఇప్పుడు ఒకటి మళ్లీ మొలిచిందమ్మా. చిగురు సలుపుతోంది. ఎవరికీ చెప్పకు. తెలిస్తే మళ్లీ పట్టకారు తెస్తారు."

ఆమె ఏం జవాబు చెప్పిందో ఆమెకే గుర్తులేదు. తొట్టిలోకి వచ్చి పడింది. మూత తీయించింది తను. గుమ్మం పెట్టించింది తను. ఇప్పుడు ఆ గుమ్మంలో కోరలున్న త్రాచు. గవరయ్యకి చెబితే గిట్టతో ఒక్క తొక్కు తొక్కుతాడు. చెప్పకపోతే, రేపు పిల్లలు బయటికొచ్చి దడి దగ్గర గింజలు ఏరితే? చెప్పాలని నోరు తెరుస్తుంది, ఆ వణికే గొంతు గుర్తొచ్చి మూస్తుంది. అలా రెండు విధాలా నలిగిపోయింది.

పిల్లలు పుడితే వాళ్లని ఎటు తీసుకుపోవాలా అని మొదటిసారి ఆమె దొడ్డి చుట్టూ కళ్లు పెట్టి చూసింది. అప్పుడు కనిపించింది. కంచె మూలన ఒక దూడ పట్టేంత ఖాళీ. ఇన్నాళ్లూ అందరూ పాము వైపే చూశారు, పాము వెనకాల కంచె లేకుండా పోయిందని ఒక్కరూ చూడలేదు, నాట్ల హడావిడిలో ఉన్న మనుషులు కూడా. ఆ ఖాళీలో బురద మీద అడుగులున్నాయి. చిన్నవి, గోళ్ల గుర్తులున్నవి. వచ్చినవీ ఉన్నాయి, పోయినవీ ఉన్నాయి.

సూరమ్మ గవరయ్య వచ్చేదాకా ఆ ఖాళీ మీదనుంచి కళ్లు తీయలేదు. "బావా, కంచె కట్టండి. ఇప్పుడే కట్టండి," అంది గవరయ్య రాగానే.

గవరయ్య రోజంతా మళ్లలో దమ్ము చేసి నిలబడలేక నిలబడ్డాడు. "రేపటితో నాట్లు అయిపోతాయమ్మా. ఎల్లుండి మొదటి పని అదే," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మనుషులతో పాటు గవరయ్య కూడా పొలానికి పోయాడు. పైడమ్మని గట్టు మీద మేతకి కట్టేశారు. మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడి కుండపోతగా వాన పట్టుకుంది. దొడ్డిలో మిగిలింది సూరమ్మ, దండాసి. దండాసి అప్పటికే పాక దూలం ఎక్కాడు.

అప్పుడే గుడ్లలోంచి కిచకిచలు వినిపించాయి. సూరమ్మకి ప్రాణం లేచొచ్చింది, వెంటనే ఆ ప్రాణం గొంతులోకి వచ్చింది. ఇక ఈ తొట్టి దిగడానికి లేదు. ఏం వచ్చినా ఇక్కడే.

వచ్చింది. తొట్టి అంచు మీద నల్లటి తల కనిపించింది.

"అమ్మా, నా ఇంట్లోకి నీళ్లొచ్చేశాయి," అన్నాడు బుల్లోడు. ఒళ్లంతా తడిసి ఉంది. "మళ్లీ కాలవ గుర్తొచ్చింది. భయమేసింది. కాస్త వెచ్చగా ఉన్న చోటు ఇస్తావా?"

వెచ్చగా ఉండే గూళ్లంటే దానికి మరీ ఇష్టం. గుంపస్వామి మాట చెవిలో ఇప్పుడే అన్నట్టు మోగింది. దండాసి దూలం మీదనుంచి రెక్కలు కొట్టుకున్నాడు. సూరమ్మ పాము కళ్లలోకి చూసింది. దానికి రెప్పల్లేవు, ఏమనుకుంటోందో తెలియదు. కానీ వణుకుతోంది.

"నా గుడ్లున్నాయిరా," అంది.

"గుడ్ల సంగతి నాకు తెలీదమ్మా. మా ఆసామి పాలు పట్టేవాడు, అవి నాకు పడేవి కావు. ఇప్పుడు ఎలుకలు తిన్నాను, ఆకలి లేదు. చలేస్తోంది, అంతే."

సూరమ్మ కళ్లు గట్టిగా మూసుకుని ఒక రెక్క ఎత్తింది. చల్లటి తాడులాంటి ఒళ్లు ఆమె పొట్ట కిందకి జారి గుడ్ల పక్కన చుట్ట చుట్టుకుంది. ఇంత భయం ఆమె ఎన్నడూ పడలేదు. ఏ క్షణాన ఏం గుచ్చుకుంటుందో అని పొట్ట బిగబట్టి కూర్చుంది.

"లోపల ఎవరో ఉన్నారమ్మా," అన్నాడు బుల్లోడు కిందనుంచి.

"నా పిల్లలు."

"మూత వేసుకుని ఉన్నారా?"

"అవును. మూత వేసుకుని ఉన్నారు."

"తీస్తే ఆడాలా పాపం?"

"వాళ్ల మూత ఎవరూ తీయకూడదు. వాళ్లే తీసుకుంటారు," అంది సూరమ్మ. బుల్లోడు చుట్ట ఇంకాస్త బిగించుకున్నాడు. కాసేపటికి అతని ఒళ్లు వెచ్చబడింది.

వాన కాస్త నెమ్మదించేసరికి కంచె మూల నుంచి తడిసిన తోక ఊపుకుంటూ గుంపస్వామి వచ్చాడు. తన సొంత ఇంట్లోకి వచ్చినట్టే వచ్చాడు. దడి సందుల్లోంచి తొంగి బాన చూశాడు.

"ఏం వదినా, మీ పాము కొట్టుకుపోయిందే. ఇంత కష్టపడి ఇల్లు కట్టుకున్నారు."

"దగ్గరికి రాకు. పాము ఇక్కడే ఎక్కడో ఉంటుంది," అంది సూరమ్మ.

గుంపస్వామి పాకలోకి అడుగుపెట్టి ఒళ్లు విదిల్చుకున్నాడు. "ఉండనీ. దాని కోరలు సంతలో నా కళ్ల ముందే పీకాడు ఆ పాములోడు. బోసినోటి పాము అది. దాన్ని చూసి మీరు కంచె మొత్తం పీకి నాకు రహదారి వేశారు. మీ అంత మంచివాళ్లని నేను చూడలేదు."

సూరమ్మకి అప్పుడు మొత్తం అర్థమైంది. మొదటి రోజు నుంచీ వీడికి తెలుసు. తెలిసే భయపెట్టాడు. వెంటనే ఇంకో సంగతి మెరిసింది. కోరలు పీకడం వీడు చూశాడు. మొలవడం చూడలేదు.

"అన్నా, నిన్నెదిరించే శక్తి నాకు లేదు," అంది. గొంతు వణకడానికి నటించాల్సిన పని లేకపోయింది. "గుడ్లు తీసుకుని నన్ను వదిలెయ్. పిల్లలయ్యే గుడ్లు, ఆత్రంగా లాగితే పగిలి నేలపాలవుతాయి. దగ్గరికి వచ్చి మెల్లగా అందుకో. నేను లేస్తాను."

"అలా దారికి రా వదినా," అన్నాడు గుంపస్వామి. దూలం మీద దండాసి కళ్లు మూసుకున్నాడు. గుంపస్వామి ముందుకాళ్లు తొట్టి అంచు మీద ఆనించి, ముక్కు ఆమె రొమ్ముకి తగిలేంత దగ్గరగా వంగాడు. అతని ఊపిరి కంపు కొడుతోంది.

"లే మరి."

సూరమ్మ లేచింది. మెల్లగా కాదు, మూత ఎత్తినట్టు ఒక్కసారిగా.

వెలుతురు పడగానే బుల్లోడు అలవాటు చొప్పున లేచాడు. గుంపస్వామి ముక్కుకి ఎదురుగా నిటారుగా నిలబడి, పడగ విప్పి, ఊగాడు.

"నువ్విక్కడున్నావా బోసినోరూ," అని గుంపస్వామి నవ్వబోయాడు. ఎదురుగా అన్ని పళ్లున్న నోరు తెరుచుకునేసరికి బుల్లోడు హడలిపోయి తనూ నోరు తెరిచాడు. ఆ ఎర్రటి నోట్లో కొత్త కోర తెల్లగా, వంకరగా, కొనమీద ఒక చుక్కతో మెరిసింది.

గుంపస్వామి పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి పడి, లేచి, ఎటు పోతున్నాడో చూడకుండా కంచె మూలకి ఉరికాడు. అక్కడ తనే దగ్గరుండి కట్టించిన ముళ్ల దడి ఉందన్నది మరిచిపోయాడు. తల దూర్చేశాడు. పొడవాటి తుమ్మముల్లు ముక్కులో సగం దిగింది. "కరిచింది, కరిచేసింది" అని అరుస్తూ, ముళ్లకి సగం బొచ్చు వదిలేసి, కొండ దాకా అదే అరుపు అరుస్తూ పోయాడు.

సూరమ్మ గుడ్లని రెక్కల కిందకి లాక్కుంది. అన్నీ ఉన్నాయి. ఆ తర్వాత గానీ ఆమెకి వణుకు రాలేదు.

"కరిచావా?" అంది.

"లేదమ్మా," అన్నాడు బుల్లోడు బిక్కముఖం వేసుకుని. "ఆడాను. ఆయన కూడా చప్పట్లు కొట్టలేదు."

సాయంత్రం గవరయ్య వచ్చాడు. జరిగింది విని, ఇంకో మాట లేకుండా దడి మొత్తం పీకి కంచె కట్టడం మొదలుపెట్టాడు. "ఎల్లుండి అన్నాను చూడు, బుద్ధి లేక," అని తనని తాను తిట్టుకుంటూనే ఉన్నాడు. దండాసి దూలం దిగి, నక్క తన అరుపుకే పారిపోయిందని పైడమ్మకి చెప్పాడు. ఎవరూ కాదనలేదు, నమ్మనూ లేదు.

మర్నాడు సూరమ్మ కాళ్ల చుట్టూ పసుపు ముద్దల్లా పిల్లలు తిరుగుతున్నాయి. ఆమె అందరి ముందూ కోర సంగతి చెప్పేసింది. చెప్పే ముందు, పట్టకారు ఎవరూ తేకూడదని, గిట్ట ఎత్తకూడదని గవరయ్య చేత మాట తీసుకుంది. తర్వాత బుల్లోడి వైపు తిరిగింది.

"నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి? నువ్వంటే నాకు ఇప్పటికీ భయమేరా. నా పిల్లలు మెత్తటివాళ్లు, నీకు హడలు ఎక్కువ. ఒకే చోట కుదరదు. కంచె అవతల మెరక మీద పుట్ట ఉంది. నీళ్లు అక్కడికి రావు. దాని పక్కన బావ నీ బాన పెడతాడు. ఇల్లు నీది, గుమ్మం నీది. మూత ఎవరూ తీయరు. నువ్వు కంచె దాటి లోపలికి రాకు. మేం దాటి అటు రాం."

బుల్లోడు తల ఎత్తాడు. "ఆడక్కర్లేదా?" అని అడిగాడు.

"ఇంకెప్పుడూ ఆడక్కర్లేదు."

"అయితే వెళ్తానమ్మా," అన్నాడు. ఆ పుట్ట దగ్గర అతను ఇప్పటికీ ఉన్నాడు. పొద్దుటి ఎండలో తల గుమ్మంలో పెట్టుకుని పడుకుంటాడు. సూరమ్మ పిల్లల్ని మేపుతూ కంచె ఇవతల నుంచి ఒకసారి అటు చూసి, ఉన్నాడని తెలుసుకుని, తన పనిలో పడుతుంది.

గుంపస్వామి సంగతంటారా? కొండ మీద, విషం ఎక్కిపోతోంది, ఇక బతకను అని పడుకుని, వచ్చినవాళ్లందరికీ అప్పగింతలు పెట్టాడు. ముక్కు వాచింది, వాపు తగ్గింది, ఆఖరికి ముల్లు దానంతటదే ఊడి కింద పడింది. దాన్ని చూసి కూడా అతను అది పాము కోరే అన్నాడు. మళ్లీ ఆ దొడ్డి వైపు తొంగిచూడలేదు.

భయం పురమాయించినట్టు ఇల్లు కట్టుకుంటే, దాని గుమ్మం దొంగ వైపే తెరుచుకుంటుంది.